తాళిబొట్టు నుంచి కాలువ నీటి దాకా: రాయచూరు సీమలో కతోలిక జీవనం

రాయచూరు కోట దగ్గరకు వచ్చిన తొలి క్రైస్తవుల చేతుల్లో శిలువ లేదు, తుపాకులున్నాయి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఆదిల్‌షాహీ సేనల నుంచి ఈ కోటను గెలుచుకున్నప్పుడు, క్రిస్తొవావ్ ద ఫిగెరెదొ అనే పోర్చుగీసు వాడు తన మనుషులతో వచ్చి గోడల మీది కాపలాదారులను గురిచూసి కొట్టాడు. ఈ కథ మనకు ఫెర్నావ్ నూనిజ్ రాతల వల్ల తెలుసు. వాళ్లు గుర్రాల వ్యాపారం కోసం వచ్చారు, యుద్ధంలో చేయి కలిపారు, వెళ్లిపోయారు. ఇక్కడి జనం బతుకుతో వాళ్ల మతానికి పని పడలేదు.

పని పడింది ముద్గల్‌లో. లింగసుగూరు తాలూకాలోని ఈ కోట ఊళ్లో కతోలికుల గుడి 1557 నాటిదని గెజిటీర్లు చెబుతాయి. దక్కనులోని పాత క్రైస్తవ సంఘాల్లో ఇదొకటి. గోవా నుంచి వచ్చిన పాద్రీల పనిగా దీన్ని చెబుతారు. ఫ్రాన్సిస్ జేవియర్ 1552లోనే చనిపోయాడు కాబట్టి నేరుగా ఆయనకు ముడిపెట్టనక్కర్లేదు. నాకు ఆసక్తిగా తోచేది ఆ సంఘం ఏ రాజ్యంలో బతికిందన్నది. ఆ తర్వాత ఈ సీమను ఏలింది బీజాపూర్ ఆదిల్‌షాహీలు. గోవాను పోగొట్టుకున్నదీ వాళ్లే, 1570లో మళ్లీ ముట్టడించిందీ వాళ్లే. అలాంటి శత్రువుల మతం ముద్గల్‌లో ఓ మూల బతకగలిగిందంటే, ఊరు దాన్ని ఊరిదిగా ఒప్పుకుని ఉండాలి. మొహర్రం పీర్లను హిందువులు సైతం మొక్కే ఊరు అది. అలాంటి చోట ఇంకో దేవుడికి చోటు దొరకడం వింత కాదు. దాన్ని ‘మత సామరస్యం’ అని పెద్దమాట చేయడం కన్నా, ‘పక్కింటివాడి పండగ’ అనడం నిజానికి దగ్గర.

ఈ సీమ మీద రోముకు ఓ లెక్క ఉండేది. 1637లో గోవా బ్రాహ్మణ కుటుంబానికి చెందిన మతయుస్ ద కాస్త్రోను ‘ఇదల్కాన్’ ప్రాంతానికి ధర్మాధికారిగా నియమించారు. ఇదల్కాన్ అంటే ఆదిల్‌ఖాన్, అంటే బీజాపూర్ రాజ్యం. భారతీయుడు ఆ పదవి ఎక్కడం పోర్చుగీసు వాళ్లకు మింగుడుపడలేదు. విశ్వాసం ఎవరి చేతుల మీదుగా రావాలన్న తగాదా అక్కడే మొదలైంది. ఇప్పటికీ అది పూర్తిగా తెగిందని నేననుకోను.

రోజువారీ జీవితంలో విశ్వాసం ఎలా ఇమడాలన్న అసలు పోట్లాట మాత్రం రాయచూరుకు దక్షిణంగా, తెలుగు నేల మీదే జరిగింది. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెసూట్లు పుంగనూరు మీదుగా అనంతపురం ప్రాంతంలోని కృష్ణాపురం దాకా వచ్చి ‘కర్ణాటక మిషన్’ పెట్టారు. మధురైలో రాబర్తో ద నోబిలి చూపిన దారే వాళ్లదీ. సన్యాసుల్లా బట్టలు కట్టుకున్నారు, మాంసం మానేశారు, తెలుగు నేర్చుకున్నారు. వాళ్లలో గాస్తోన్ కూర్దూ అయితే 1767లో పారిస్‌కు రాస్తూ సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ చుట్టరికం ఉందన్నాడు. విలియం జోన్స్ అదే మాట అనడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందు.

ఆ తెలుగు సంఘాల్లో ఎదురైన ప్రశ్నలు చూడండి. పెళ్లిలో తాళి కట్టవచ్చా? తాళి మీద వినాయకుడి బొమ్మ ఉంటే? నొసట బొట్టూ విబూదీ మతమా, అలంకారమా? కొబ్బరికాయ కొట్టవచ్చా? ఆడపిల్ల పెద్దమనిషైతే వేడుక చేయవచ్చా? అంటరానివాళ్లని పిలిచే కులాల వారి ఇంట్లో రోగి చావుబతుకుల్లో ఉంటే గురువు లోపలికి వెళ్లి నూనె పూయాలా, బయటి నుంచే చేయాలా? 1704లో పుదుచ్చేరిలో పాపుగారి దూత తుర్నోన్ వీటి మీద శాసనం జారీచేశాడు. నలభై ఏళ్లు వాదించుకున్నాక 1744లో పాపు 14వ బెనెడిక్ట్ దాన్నే గట్టిపరిచాడు. తాళిని బొమ్మ తీసేసి ఉంచుకోవచ్చు. బొట్టు విషయంలో కట్టడి. గురువు మాత్రం అంటరానివాడి ఇంటికి వెళ్లి తీరాలి. జెసూట్లు చేసిన రాజీ ఏమిటంటే, పై కులాల వాళ్లకు ఒక గురువు, అణగారిన కులాల వాళ్లకు ఇంకో గురువు. ఆచారానికి తలవంచినట్టూ ఉంటుంది, శాసనం నెరవేరినట్టూ ఉంటుంది! తాళి మీది బొమ్మ గురించి అంత సూక్ష్మంగా ఆలోచించిన పండితులు, మనిషి గడప దాటడం దగ్గరకు వచ్చేసరికి ఇద్దరు మనుషులను పంపి చేతులు దులుపుకున్నారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా దాదాపు ఈ ఒక్క విషయమే. మన సీమలో ‘సంస్కృతితో కలవడం’ ఎప్పుడూ ఏ కులపు సంస్కృతితో అన్న ప్రశ్నకే వచ్చి ఆగింది.

ఆ విశ్వాసాన్ని తెలుగు తన భాషలోకి ఎలా తెచ్చుకుందో చూడాలంటే కవుల దగ్గరకు పోవాలి. బైబిలు కథకు ప్రబంధ రూపమిచ్చిన మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’, పింగళి ఎల్లనార్యుడు రాసిన ‘తోభ్య చరిత్రము’ పద్యకావ్యాలు. కవి పద్యం చదివే వాళ్ల కోసమే రాశాడు. పొలం పనిలో పాడుకునే వాళ్ల కోసం కాదు.

1759లో పోర్చుగల్ జెసూట్లను వెళ్లగొట్టడంతో, 1773లో పాపు వాళ్ల సంఘాన్నే రద్దు చేయడంతో ఈ ప్రాంతాలన్నిటా మిషన్లు గురువుల్లేక వట్టిపోయాయి. ఉపదేశులూ, జపమాల చెప్పుకునే ఇంటి ఆడవాళ్లూ నిలబెట్టినంత మేర నిలిచాయి. అదే 18వ శతాబ్దంలో రాయలసీమ కతోలిక రెడ్డి కుటుంబాలు కొన్ని తూర్పుకు కదిలి గుంటూరు సీమ చేరాయి. ఫిరంగిపురం, రెంటచింతల వంటి విచారణలకు ఆ వలసల్లో మూలాలున్నాయి.

రెండు వందల ఏళ్ల తర్వాత వలస దారి తిరగబడింది. 1945లో పునాది వేసి 1953లో నీళ్లు వదిలిన తుంగభద్ర ఆనకట్ట ఎడమగట్టు కాలువ సింధనూరు, మాన్వి మెట్టలను మాగాణి చేసింది. నీటి సాగు తెలిసిన కోస్తాంధ్ర రైతులు తరలివచ్చారు. వాళ్లతో కూలీలూ వచ్చారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ ‘క్యాంపు’లనే అంటారు. ఈ సీమలో తెలుగు మాట పాతదే. 1948 దాకా నిజాం పాలనలో, 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న జిల్లా ఇది. రాయచూరు బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే నాలుక మీద ఆడతాయి. కానీ క్యాంపుల తెలుగు వేరు. వాళ్లు ఎకరాన్ని బస్తాల్లో కొలుస్తారు, పెళ్లిసంబంధాలను తూర్పుకే కలుపుకుంటారు. వలస వచ్చినవాళ్లలో క్రైస్తవులూ ఉన్నారు. కొన్నేళ్లకు వాళ్లకు ఎదురైంది సిద్ధాంతం కాదు, ఏ భాషలో పూజ అన్నది.

వాళ్లు వచ్చేనాటికి పూజ లాటిన్‌లోనే. రెండవ వాటికన్ మహాసభ, 1962 నుంచి 1965 దాకా, ఆ తలుపు తెరిచింది. దేశభాషల్లో పూజ వచ్చింది. ఆ సభ చివర వెలువరించిన ‘నేటి ప్రపంచంలో శ్రీసభ’ పత్రం మనుషుల కూలీ, కుటుంబం, రాజకీయం అన్నీ విశ్వాసానికి సంబంధించినవేనంది. 1969లో మన పీఠాధిపతులు అడిగిన పన్నెండు మార్పులకు రోము ఒప్పుకుంది. చెప్పులు విడిచి నేలమీద కూర్చోవడం, మోకాలు వంచే బదులు చేతులు జోడించడం, ఆరతి, నూనె దీపం, అగరుబత్తి. బెంగుళూరులో 1967లో మొదలైన జాతీయ బోధనా కేంద్రం, దాని అధిపతి అమలోర్పవదాస్ ఈ మార్పులకు ఊపిరి.

రాయచూరు జిల్లా ఇప్పుడు బళ్లారి మేత్రాసనం కింద ఉంది. 1949లో ఏర్పడిన ఆ మేత్రాసనానికి తొలి పీఠాధిపతి అమెరికన్ ఫ్రాన్సిస్కన్ జాన్ ఫారెస్ట్ హోగన్. ఆయన తర్వాత వచ్చినవాడు, ఇంటిపేరు వినగానే మనవాడనిపించే అంబ్రోస్ యెద్దనపల్లి. 1960ల నుంచి 1992 దాకా, అంటే ఆ మార్పులన్నీ ఊళ్లకు చేరిన కాలమంతా, ఆయనే.

ఆరతి పళ్లెం దగ్గర నాకో అభ్యంతరం ఉంది. పూర్ణకుంభం, దీపస్తంభం, సంస్కృత శ్లోకం వాకిట్లోంచి నేరుగా బలిపీఠం దాకా వచ్చేశాయి. డప్పు గుమ్మం దగ్గర ఆగిపోయింది. సంఘంలో ఎక్కువమంది ఏ వాడ వాళ్లో తెలిసినా, ‘భారతీయ సంస్కృతి’ అనగానే అగ్రహారమే గుర్తొచ్చింది. 1744 నాటి రెండు గడపల రాజీకి ఇది చుట్టమే.

1980ల నుంచి మాట మారింది. రాయచూరు, కొప్పళ, బళ్లారి జిల్లాల్లో ఆడపిల్లలను దేవతకు అర్పించే జోగిని (దేవదాసీ) వ్యవస్థ వేళ్లూనుకుని ఉంది. దేవదాసీ అర్పణను నిషేధిస్తూ కర్ణాటక 1982లో చట్టం చేసింది. చట్టం వచ్చినా ఆ తల్లుల పిల్లలకు బడి కావాలి, తండ్రి పేరు అడగని బడి కావాలి. మళ్లీ ఏర్పడిన జెసూట్ల సంఘం మాన్వి ప్రాంతంలో అడుగుపెట్టి బడులు నడుపుతున్నది అణగారిన కులాల పిల్లల కోసమే. ఇది విశ్వాసాన్ని సంస్కృతికి అతికించే పని కాదు, సంస్కృతిలోనే ఒక ముక్కను కోసి పారేసే పని.

కోయలేనిది ఇంకోటి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే షెడ్యూల్డు కులపు హోదా ఇచ్చింది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవ దళితుడు నేటికీ బయటే. జ్ఞానస్నానం తీసుకున్న మాదిగవాడు తుంగభద్ర నదికి ఇటువైపు కర్ణాటకలో ప్రవర్గ ఒకటి అవుతాడు. నది దాటి ఆంధ్రలో బి.సి. – సి అవుతాడు. ఊరివాళ్ల లెక్కలో మాత్రం రెండు గట్ల మీదా మాదిగే. అందుకే చాలా ఇళ్లలో కాగితం మీద ఒక పేరు, గుళ్లో ఇంకో పేరు. దీన్ని మోసమనడం తేలిక. కానీ కొడుకు కాలేజీ సీటుకూ తల్లి జపమాలకూ మధ్య ఎంచుకోమని చెప్పింది రాజ్యమే.

సంఘం లోపల కూడా లెక్క తేలలేదు. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారత మీద విధాన పత్రం తెచ్చి, అంటరానితనం శ్రీసభలోనూ ఉందని ఒప్పుకుంది. దేశంలోని సుమారు 1.9 కోట్ల కతోలికుల్లో 1.2 కోట్ల మంది దళితులేనన్నది అందులోని లెక్క. ఆరేళ్ల తర్వాత, 2022 ఆగస్టు 27న, రాయచూరుకు ఆవలి గట్టునున్న కర్నూలు మేత్రాసనంలో పన్నెండేళ్ల పైన పీఠాధిపతిగా చేసి హైదరాబాదు ఆర్చిబిషప్ అయిన పూల అంథోనీ రోములో కార్డినల్ ఎర్ర టోపీ పెట్టుకున్నాడు. తెలుగువాళ్లలో మొదటివాడు. దళితుల్లోనూ మొదటివాడే. మతయుస్ ద కాస్త్రోను బీజాపూర్ రాజ్యానికి నియమించిన 385 ఏళ్లకు.