సింగర్ భవనం నుంచి వన్ లిబర్టీ ప్లాజా దాకా

సింగర్ అనగానే మనకు గుర్తొచ్చేది కుట్టుమిషను. తెలుగునాట ఏ ఊరి దర్జీ దుకాణంలోనైనా నల్లటి ఇనుప ఒంటిపై బంగారు అక్షరాలతో ఆ పేరు కనిపించేది. యంత్ర నాగరికతను గట్టిగా విమర్శించిన గాంధీజీ కూడా 1924లో ఒక సంభాషణలో ఈ మిషనుకు మినహాయింపు ఇచ్చారు. ఆ మిషన్లు అమ్మిన కంపెనీ న్యూయార్క్ దిగువ మన్‌హటన్‌లో, బ్రాడ్‌వే, లిబర్టీ వీధుల కూడలిలో కట్టుకున్న ప్రధాన కార్యాలయమే ఈ పాఠంలో మన విషయం.

1908లో పూర్తయిన సింగర్ భవనం ఎత్తు 612 అడుగులు. ఆనాటికి ప్రపంచంలోకెల్లా ఎత్తైన కార్యాలయ భవనం అదే. మరుసటి ఏడాదే మెట్రోపాలిటన్ లైఫ్ టవర్ దాన్ని దాటిపోయింది. వాస్తుశిల్పి ఎర్నెస్ట్ ఫ్లాగ్. ఎర్ర ఇటుక గోడలు, పైన ఉబ్బెత్తు కప్పు, దాని మీద చిన్న శిఖరం. లోపలి హాలులో పాలరాతి స్తంభాలకు కంచు పతకాలు తాపడం చేశారు. ఒకదానిమీద కంపెనీ చిహ్నం ఉంటే, మరోదానిమీద సూది, దారం, బాబిన్. పాత రాజులు తమ ధ్వజచిహ్నాలను ఎలా చెక్కించుకునేవారో, ఈ వ్యాపారులు తమ సరుకును అలా చెక్కించుకున్నారు.

విశేషమేమిటంటే, ఫ్లాగ్ ఆకాశహర్మ్యాల విమర్శకుడు. స్థలమంతా నింపేసి నిలువునా లేపే భవనాలు వీధికి వెలుతురు, గాలి లేకుండా చేస్తాయని ఆయన అభ్యంతరం. ఎత్తైన గోపురం స్థలంలో నాలుగో వంతుకు మించి ఆక్రమించకూడదని వాదించి, అందుకు నమూనాగా సింగర్ గోపురాన్ని సన్నగా నిలబెట్టాడు. 1915లో దగ్గరలోనే ఈక్విటబుల్ భవనం వీధి అంచు నుంచి దిట్టంగా లేచి చుట్టుపక్కల ఇళ్లమీద నీడ పరచింది. దాంతో ప్రజల్లో అసంతృప్తి రేగి, 1916 జోనింగ్ నిబంధనలకు బలం చేకూరింది. స్థలంలో నాలుగో వంతు భాగంపై ఎంత ఎత్తైనా కట్టుకోవచ్చన్న నియమం ఆ నిబంధనల్లో చేరింది. ఒక వాస్తుశిల్పి వాదన నగర చట్టమైంది.

కానీ ఆ సన్నదనమే తర్వాత భవనం ప్రాణం మీదికి వచ్చింది. ఈ లెక్కను మీరే కాగితంమీద వేసి చూడండి. గోపురం ఒక్కో వైపు 65 అడుగులు. అంటే అంతస్తుకు సుమారు 4,200 చదరపు అడుగులు. మన లెక్కలో 470 గజాలలోపు. అందులోంచి లిఫ్టులు, మెట్లు తీసేయాలి. వందలాది గుమాస్తాలను ఒకే హాలులో కూర్చోబెట్టాలనుకునే 1960ల కంపెనీలకు అది చాలదు. సింగర్ కంపెనీయే 1960ల మొదట్లో రాక్‌ఫెల్లర్ సెంటర్‌కు తరలిపోయింది. భవనాన్ని కొన్న విలియం జెకెండార్ఫ్ ఆ స్థలానికి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీని రప్పించాలని ప్రయత్నించాడు, కుదరలేదు. 1964లో అది యు.ఎస్. స్టీల్ చేతికి వచ్చింది.

అప్పటికే పెన్సిల్వేనియా రైల్వేస్టేషన్ కూల్చివేత నగరాన్ని కలవరపెట్టింది. 1963లో మొదలైన ఆ కూల్చివేత ఫలితంగా 1965 ఏప్రిల్‌లో చారిత్రక కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది, దాని అమలుకు ఒక కమిషన్ ఏర్పడింది. చట్టం చేతిలో ఉండి కూడా సింగర్ భవనాన్ని ఎందుకు కాపాడలేదు? దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటిస్తే నగరమే కొనుగోలుదారును వెతకాలి, లేదా తానే కొనాలి అన్నది 1967లో కమిషన్ నిర్వాహకుడి వివరణ. దీన్ని పిరికితనమని తేలిగ్గా కొట్టిపారేయలేం. రక్షణ పేరుతో యజమాని ఆస్తి హక్కును ఎంతవరకు పరిమితం చేయవచ్చో న్యాయస్థానం ఇంకా తేల్చలేదు. అది తేలింది 1978లో, గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ వివాదంలో అమెరికా సుప్రీంకోర్టు నగరం పక్షాన తీర్పు ఇచ్చినప్పుడు. యజమాని వాడుకోలేని నిర్మాణ హక్కును మరో స్థలానికి బదలాయించుకునే వీలుండటాన్ని కూడా కోర్టు పరిగణనలోకి తీసుకుంది. హైదరాబాదులో రోడ్డు విస్తరణకు స్థలం ఇచ్చినవారికి టి.డి.ఆర్. పత్రాలు ఇస్తున్నారని మీరు విని ఉంటారు. అది ఈ కోవకు చెందిన హక్కే. సింగర్ భవనానికి మాత్రం ఈ తీర్పు పదేళ్లు ఆలస్యమైంది. 1967లో కూల్చివేత మొదలైంది. అంతకుముందు యజమానులు తమంతట తాము కూల్చిన భవనాల్లో అంత ఎత్తైనది మరొకటి లేదు.

దాని స్థానంలో 1970ల మొదట్లో 54 అంతస్తుల, 743 అడుగుల నల్లటి ఉక్కు భవనం లేచింది. అదే నేటి వన్ లిబర్టీ ప్లాజా. స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ సంస్థ రూపకల్పన. ఒక్కో అంతస్తు సుమారు 37,000 చదరపు అడుగులు, అంటే పాత గోపురం అంతస్తుకు దాదాపు తొమ్మిది రెట్లు. ఉక్కు దూలాలను కప్పకుండా బయటికే కనిపించేలా ఉంచారు. సింగర్ సూదిని చెక్కించుకుంటే, యు.ఎస్. స్టీల్ తన సరుకుతోనే గోడలు కట్టింది. ఆ విషయంలో రెండు కంపెనీలకూ పెద్ద తేడా లేదు.

ఇంత పెద్ద భవనానికి అనుమతి ఎలా దొరికింది? 1916 నిబంధనల స్థానంలో 1961లో వచ్చిన కొత్త నిబంధనలు, ప్రజలకు ఖాళీ స్థలం వదిలితే అదనపు నిర్మాణానికి అవకాశమిచ్చాయి. ఆ బేరంలో భాగంగా పక్క వీధిలో 1968లో ఒక చిన్న పార్కు ఏర్పడింది. యాజమాన్యం ప్రైవేటుది, వాడుక ప్రజలది. దాని ఇప్పటి పేరు జుకోటి పార్క్. 2011లో ‘ఆక్యుపై వాల్‌స్ట్రీట్’ నిరసనకారులు డేరాలు వేసిన చోటు ఇదే. ఉక్కు కంపెనీ ఎత్తు కోసం ఇచ్చిన చెక్క, పెద్ద కంపెనీల మీద నిరసనకు వేదికైంది. ఫ్లాగ్ కోరిన వెలుతురు, గాలి ఆ ఖాళీ జాగాలో కొంతైనా దొరికాయని నా అభిప్రాయం. దానికి చెల్లించిన ధర మాత్రం ఆయన భవనమే.

సింగర్ పేరిట ఉన్న కూల్చివేత రికార్డు సుమారు అర్ధశతాబ్దం నిలిచింది. పార్క్ అవెన్యూలోని 707 అడుగుల పాత యూనియన్ కార్బైడ్ భవనాన్ని జె.పి. మోర్గాన్ బ్యాంకు 2019 నుంచి విప్పించి, అక్కడ మరింత ఎత్తైన ప్రధాన కార్యాలయం కట్టించినప్పుడు ఆ రికార్డు చెదిరింది. అలా కూలిపోయిన ఆ భవనాన్ని రూపొందించింది కూడా స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ సంస్థే.