కనుమ నాడు విసిరిన రాయి

సంక్రాంతి చలిలో అనకాపల్లి పేరు వింటే నాకు బెల్లం కన్నా ముందు కనుమ నాటి బొజ్జన్నకొండ గుర్తుకు వస్తుంది. ఊరికి చేరువలో, శంకరం గ్రామంలో ఉన్నదా కొండ. వేలాది జనం ఆనాడు అక్కడికి చేరేవారు. బొజ్జ ఆకారంలో ఉన్న రూపమొకదాన్ని రాక్షసుని పొట్టగా ఎంచి రాళ్ళు రువ్వేవారు. చిన్నతనంలో నేనూ ఒక రాయి విసిరాను. గురి తప్పలేదని మురిసిపోయాను కూడా.

శంకరం అన్న పేరు సంఘారామానికి వికృతి అని పెద్దయ్యాక తెలిసింది. 1906లో అలెగ్జాండర్ రీ ఆధ్వర్యంలో ఇక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. రాతిని తొలిచిన స్తూపాలు, బుద్ధ విగ్రహాలున్న గుహలు, ఇటుక కట్టడాలు గల బౌద్ధ క్షేత్రమిది. సముద్రగుప్తుని బంగారు నాణెం, కుబ్జ విష్ణువర్ధనుని రాగి నాణేలు దొరికాయి. క్రీ.శ. 4 నుండి 9వ శతాబ్దం వరకు ఈ క్షేత్రం వర్ధిల్లిందని పండితులంటారు.

ఇంటాక్, పురావస్తు శాఖ, పోలీసుల చొరవతో తరువాత రాళ్ళు రువ్వడం ఆగింది. మంచిదే. అయినా ఆ జనాన్ని మూఢులని నిందించడానికి నాకు మనసొప్పదు. భిక్షువులు లేని కొండకు పండుగనాడు కదలి వచ్చినది వారే. సంఘారామం పేరును, అరిగిపోయిన రూపంలోనైనా, నాలుకపై నిలిపినదీ వారే. వారు మరచినది కొండను కాదు, అది ఎవరిదన్న సంగతిని.

"ఇది బుద్ధుని కొండరా" అని ఆనాడు ఒక్కరు చెప్పి ఉంటే, నా చేతిలోని రాయి అక్కడే జారిపోయేది. కాపలా కన్నా ముందు కావలసినది ఆ ఒక్క మాట.