చక్రాల కుర్చీ కథ

ఒక చెక్క పలక, దాని అడుగున ఇరుసులకు బిగించిన నాలుగు పాత బాల్ బేరింగులు. కాళ్ళు చచ్చుబడినవారు ఇటువంటి బండిమీద కూర్చొని, చేతులతో నేలను వెనుకకు నెట్టుకుంటూ ముందుకు సాగడం మన దేశపు రైల్వే స్టేషనులలోను, సంతవీధులలోను ఎందరో చూచి ఉంటారు. ఈ బండికి ఇంజనీరు గీసిన పటం అక్కరలేదు. అవసరం కలవారే చేతికి దొరికిన వస్తువులతో దీనిని కూర్చుకున్నారు. చక్రాల కుర్చీ చరిత్రను పరిశీలించినచో, అందులోని ముఖ్యమైన మలుపులు అనేకం ఈ విధంగానే వచ్చినవని తెలుస్తుంది.

గడియారాల పనివాని బండి

చక్రాలు గల ఆసనం ప్రాచీనమైనదే. స్పెయిన్ దేశపు రాజు రెండవ ఫిలిప్ వాతరోగంతో బాధపడేవాడు. ఆయనకోసం చేసిన చక్రాల ఆసనపు చిత్రం ఒకటి 1595 నాటిది నేటికీ నిలిచి ఉన్నది. వీపును వాల్చుకొనుటకు, కాళ్ళను చాపుకొనుటకు దానిలో ఏర్పాట్లు ఉండేవి. కాని దానిని కదిలించడానికి సేవకులు కావలెను. రాజు కాబట్టి ఆ లోటు ఆయనకు తోచి ఉండదు.

సేవకులు లేనివానికి అది తోచింది. జర్మనీలో న్యూరెంబర్గు నగరానికి సమీపాన ఆల్ట్‌డార్ఫ్ అనే ఊరు కలదు. ఆ ఊరిలో స్టీఫెన్ ఫార్‌ఫ్లర్ అనే గడియారాల పనివాడు ఉండేవాడు. అతనికి కాళ్ళు పనిచేయవు. 1655లో, తన 22వ ఏట, అతడు తనకోసం మూడు చక్రాల బండి ఒకటి నిర్మించుకున్నాడు. చేతి పిడులను త్రిప్పితే ఆ త్రిప్పుడు పళ్ళచక్రాల ద్వారా ముందరి చక్రానికి అందేది. గడియారంలో బరువుగాని, స్ప్రింగుగాని పళ్ళచక్రాలను నడుపుతుంది. ఫార్‌ఫ్లర్ బండిలో ఆ పని అతని భుజాలు చేసినవి. తన వృత్తిలో ప్రతిదినం వాడే సూత్రాన్నే అతడు తన కష్టానికి అన్వయించుకున్నాడు. ఒకరు నెట్టనక్కరలేకుండ, కూర్చున్నవాడే నడుపుకొనే బండ్లలో ఇది మొట్టమొదటిదని చరిత్రకారులు చెబుతారు.

తెలుగునాట ఊళ్ళలో చేతితో త్రిప్పుతూ నడిపే మూడు చక్రాల బండ్లు కనబడుతుంటవి. కాన్పూరులో 1972లో ఏర్పడిన ప్రభుత్వ కృత్రిమావయవ నిర్మాణ సంస్థ వంటివి వీటిని తయారుచేస్తున్నవి. ఆ బండ్లలో పళ్ళచక్రాలకు బదులు సైకిలు గొలుసు ఉంటుంది. మూల సూత్రం మాత్రం ఫార్‌ఫ్లర్ బండిలోనిదే.

మడతపడే కుర్చీ

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో చక్రాల కుర్చీలు బరువైనవి, మడవడానికి వీలులేనివి. అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే గనుల ఇంజనీరు 1918లో గనిలో జరిగిన ప్రమాదంలో వెన్ను విరిగి నడక కోల్పోయినాడు. అతనికి కారు నడపడం సాధ్యమే. కాని కుర్చీ కారులో పట్టదు. కుర్చీ వెంట రానప్పుడు కారు ఉండి ప్రయోజనమేమి? అతడు హ్యారీ జెన్నింగ్స్ అనే మిత్రునితో ఈ చిక్కును చెప్పుకున్నాడు. జెన్నింగ్స్ కూడ ఇంజనీరే. ఇద్దరూ కలిసి 1933 నాటికి ఉక్కు గొట్టాలతో మడతకుర్చీని సిద్ధం చేసినారు. దానికి 1937లో పేటెంటు లభించింది.

ఆ కుర్చీలోని యుక్తి బహు సులువైనది. రెండు ప్రక్క చట్రాలను గుణకారపు గుర్తువలె అడ్డముగా సాగే రెండు కడ్డీలు కలుపుతవి. ఆ కడ్డీలు నడుమ ఒక శీలపై తిరుగుతవి. కూర్చొనే గుడ్డను పట్టి పైకి లాగితే, కత్తెర మూసుకున్నట్లు, రెండు చట్రాలు దగ్గరకు వచ్చి చేరుతవి. కుర్చీలో మనిషి కూర్చున్నప్పుడు అతని బరువే చట్రాలను విడదీసి బిగువుగా నిలుపుతుంది.

ఈ మిత్రుల పేరుతో వెలసిన సంస్థ క్రమముగా అమెరికా విపణిలో అగ్రస్థానం పొందింది. 1977లో ప్రభుత్వం ఆ సంస్థపై గుత్తాధిపత్య నిరోధక చట్టం క్రింద వ్యాజ్యం వేసింది. 1979లో అది ఒడంబడికతో ముగిసింది. ఒకని అవసరం నుండి పుట్టిన వస్తువు కూడ, పోటీ లేనిచోట, అవసరం కలవారికి అందని ధర పలుకవచ్చును.

ఒక కుర్చీ, నలుగురు యువకులు

రాల్ఫ్ హాచ్‌కిస్ అనే అమెరికను విద్యార్థి 1966లో మోటారు సైకిలు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, నాటి నుండి చక్రాల కుర్చీ వాడవలసివచ్చింది. ఆసుపత్రిలోని నునుపైన నేలకు సరిపోయే కుర్చీ వీధిలో నిలువదని అతడు అనుభవంతో తెలుసుకున్నాడు.

1980లో అతడు మధ్య అమెరికాలోని నికరాగువా రాజధాని మనాగువాకు వెళ్ళినాడు. అంతకు ముందటి సంవత్సరమే అక్కడ విప్లవం ముగిసింది. నడక కోల్పోయిన నలుగురు యువకులు ఒకే కుర్చీని వంతులవారీగా వాడుకుంటూ అతనికి కనిపించినారు. ఒకరు బయటకు వెళ్ళితే తక్కినవారు వేచి ఉండవలెను. అయితే ఆ కుర్చీకి వారు తమంత తామే చేసుకున్న మరమ్మతులు చూచి అతడు ఆశ్చర్యపడినాడు. నేర్పడానికి వెళ్ళినవాడు నేర్చుకొని వచ్చినాడు.

ఆ కలయిక నుండి కొత్త నమూనా పుట్టింది. ఆ ఊరి దుకాణంలో దొరికే ఉక్కు గొట్టాలు, సైకిలు చక్రాలు, సామాన్యమైన బేరింగులే దానికి సామగ్రి. విరిగితే వెల్డింగు చేయగల ఏ కొట్టులోనైనా బాగుచేయించవచ్చును. దిగుమతి కుర్చీ విరిగితే దాని భాగం దొరకక మూలపడుతుంది. కనుక చవక అన్నది కొన్ననాటి ధరను బట్టిమాత్రమే కాదు, విరిగిననాటి ఖర్చును బట్టి కూడ తేల్చవలసిన విషయం. కొలతలు, తయారీ పద్ధతి 1985లో పుస్తకంగా వెలువడినవి. 1989లో ఈ పని శాన్‌ఫ్రాన్సిస్కో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ‘వర్ల్‌విండ్’, అనగా సుడిగాలి, అనే పేరుతో సంస్థగా రూపొందింది.

చిన్న చక్రానికి పెద్ద అడ్డంకి

గతుకుల బాటలో కుర్చీని నిలిపివేసేది ముందరి చిన్న చక్రమే. దీనిని పదవ తరగతి గణితంతోనే నిరూపించవచ్చును. 2 సెంటీమీటర్ల ఎత్తుగల రాయి అడ్డు వచ్చిందనుకొందాము. చక్రపు వ్యాసార్ధం 5 సెంటీమీటర్లైతే, రాతి అంచు నుండి ఇరుసు 3 సెంటీమీటర్ల ఎత్తులోను, అడ్డంగా 4 సెంటీమీటర్ల దూరంలోను ఉంటుంది. ఇది పైథాగరస్ సిద్ధాంతంలోని 3, 4, 5 త్రిభుజమే. చక్రంపై 12 కిలోల భారం ఉంటే, రాతి అంచు చుట్టూ భ్రామకాలు సమానం చేయగా, ఇరుసును ముందుకు నెట్టుటకు 12 × 4 ÷ 3, అనగా 16 కిలోల బలం కావలెను. వ్యాసార్ధం 10 సెంటీమీటర్లైతే కొలతలు 8, 6 అవుతవి. కావలసిన బలం 12 × 6 ÷ 8, అనగా 9 కిలోలు మాత్రమే.

అందుచేతనే గతుకు బాటల కుర్చీలకు పెద్దవి, వెడల్పైనవి, మెత్తని రబ్బరువి అయిన ముందరి చక్రాలు అమర్చినారు. వెడల్పైన చక్రం ఇసుకలో కూరుకొనిపోదు. ఆ చక్రాలను మరికొంత ముందుకు జరిపినందువలన, కుర్చీ రాతికి తగిలి ఆగినా మనిషి ముందుకు బోర్లపడడు.

కుర్చీపై పరుపు

మెక్సికోలోని సినలోవా రాష్ట్రంలో అహోయా అనే కొండపల్లెలో 1981లో ‘ప్రోజిమో’ అనే కేంద్రం ఆరంభమైనది. దానిని నడిపినవారు ఎక్కువమంది వికలాంగులే. దానికి తోడ్పడిన డేవిడ్ వెర్నర్ 1987లో వెలువరించిన ‘డిసేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్’ అనే గ్రంథంలో పల్లెలోనే చేసుకొనదగిన ఊతకర్రలు, నడక బండ్లు, ఆసనాలు బొమ్మలతో వివరింపబడినవి.

ఇట్టి కేంద్రాలు నేర్పిన ముఖ్యపాఠం పరుపును గూర్చినది. సామాన్యులు కూర్చున్నచోట తమకు తెలియకుండానే అటూ ఇటూ కదులుతారు. వెన్నుపాము దెబ్బతిన్నవారికి నొప్పి తెలియదు. ఎముకకు, ఆసనానికి నడుమ నలిగిన మాంసానికి రక్తం అందక పుండు పడుతుంది. అది చీము పట్టి ప్రాణం తీయవచ్చును. ఒకే భారం ఎక్కువ వైశాల్యంపై పరచుకుంటే పీడనం తగ్గుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. అందుచేత అట్టలను పొరలుగా పేర్చి, శరీరపు వంపులకు తగినట్లు ఒత్తి, పైన నురుగు రబ్బరు పరచుతారు. సైకిలు ట్యూబులతో చేసిన గాలిపరుపులు కూడ కలవు. అయినను వాటిని వాడేవారు చేతులపై బరువు మోపి తరచుగా లేస్తుండవలెను.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో వెలువరించిన మార్గదర్శకాలు జనాభాలో నూటికి ఒకరికి చక్రాల కుర్చీ అవసరమని అంచనా వేసినవి. కుర్చీ ఇచ్చినంత మాత్రాన పని తీరదని, కొలత తీసి అమర్చవలెనని, వాడుక నేర్పవలెనని కూడ అవి నొక్కిచెప్పినవి. ఒకరి కొలతకు చేసిన కుర్చీ మరొకరికి మేలు చేయకపోగా పుండ్లను, గూనిని తెచ్చిపెట్టవచ్చును.

పాఠశాల వర్క్‌షాపులో విద్యార్థులు ఇట్టి పరికరం చేయ సంకల్పించినచో, రంపం పట్టకముందే ఒక పని కలదు. దానిని వాడబోయేవారి వద్దకు వెళ్ళి, వారు ఎక్కడికి పోదలచుకున్నారో, దారిలో ఏది అడ్డుపడుతున్నదో అడగవలెను. ఆల్ట్‌డార్ఫ్ గడియారాల పనివానికి ఆ ప్రశ్నకు జవాబు ముందే తెలుసు. తక్కినవారు అడిగి తెలుసుకొనవలసినదే.