పెతీత్ క్యూరీ: డైనమో మోసిన ఎక్స్‌రే వాహనం

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో (1914–18) ఫ్రాన్స్‌లో గాయపడిన సైనికుల కోసం తిరిగిన ఎక్స్‌రే వాహనాలను జనం పెతీత్ క్యూరీలు, అంటే చిన్న క్యూరీలు అని పిలుచుకున్నారు. అప్పటికే 1903లోనూ 1911లోనూ నోబెల్ బహుమతి అందుకున్న మేరీ క్యూరీ వీటిని సమకూర్చింది. మామూలు మోటారు కారులో డైనమో బిగించి, దాన్ని కారు ఇంజనుతోనే తిప్పి, అలా పుట్టిన కరెంటుతో ఎక్స్‌రే యంత్రాన్ని నడపడం వీటి ఏర్పాటు. వాహనమే విద్యుత్ కేంద్రంగా కూడా పనిచేసిన తొలితరం అత్యవసర వాహనాల్లో ఇవి ముఖ్యమైనవి.

పూర్వరంగం

జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌జెన్ 1895 నవంబరులో ఎక్స్‌రే కిరణాలను కనిపెట్టాడు. ఒంట్లో దిగిన తూటా ఎక్కడుందో కోయకుండానే తెలుస్తుందంటే సైనిక వైద్యులు ఊరుకుంటారా? రెండు మూడేళ్లకే యంత్రాలు యుద్ధరంగాలకు చేరాయి. భారతదేశపు వాయవ్య సరిహద్దులో 1897–98లో జరిగిన తీరా దండయాత్రలో బ్రిటిష్ సైనిక వైద్యుడు బీవర్ ఎక్స్‌రే పరికరాన్ని కొండల్లోకి మోయించుకుపోయాడు. చిక్కల్లా కరెంటు దగ్గరే వచ్చింది. 1898లో సూడాన్ యుద్ధంలో నైలు నది ఒడ్డున అబాదియాలో ఉన్న మేజర్ బాటర్స్‌బీ ఇద్దరు తొక్కే సైకిలుకు చిన్న డైనమో తగిలించి బ్యాటరీలు చార్జి చేయించాడు. సూడాన్ ఎండలో ఆ సైకిలు తొక్కినవాళ్ల అవస్థ ఊహించుకోవచ్చు.

డైనమోకు మూలమైన విద్యుదయస్కాంత ప్రేరణను మైకేల్ ఫారడే 1831లో చూపించాడు. మరుసటి ఏడాదే పిక్సీ అనే ఆవిష్కర్త చేత్తో తిప్పే జనరేటరు చేశాడు. 1866లో జర్మనీలో వెర్నర్ సీమెన్స్ శాశ్వత అయస్కాంతాల అవసరం లేని డైనమోను రూపొందించాడు. 1870ల మొదట్లో గ్రామ్ అనే మరో ఆవిష్కర్త చేసిన డైనమో వర్క్‌షాపుల్లోకి, ఫ్యాక్టరీల్లోకి చేరింది. అంటే 1914 నాటికి డైనమో పాత సంగతే, ఎక్స్‌రే ట్యూబూ కొత్తది కాదు, మోటారు కారు కూడా వీధుల్లో తిరుగుతూనే ఉంది. వాటిని కలిపి, తగినన్ని తయారు చేసి, నడిపే మనుషులతో సహా యుద్ధరంగానికి చేర్చేవారే కరువయ్యారు.

1914 శరదృతువు

యుద్ధం మొదలైన నెల తిరక్కుండానే జర్మన్ సేనలు పారిస్ వైపు వచ్చాయి. సెప్టెంబరు మొదట్లో మేరీ క్యూరీ ప్రయోగశాలలోని ఒక గ్రాము రేడియాన్ని సీసపు పెట్టెలో పెట్టి రైల్లో బోర్డో నగరానికి చేర్చి, వెంటనే పారిస్‌కు తిరిగొచ్చింది. ఎక్స్‌రే యంత్రాలు పెద్ద నగరాల ఆసుపత్రుల్లోనే ఉన్నాయని, గాయపడినవాళ్లు మాత్రం యుద్ధరేఖకు దగ్గరలో స్కూళ్లలోనూ చర్చిల్లోనూ నడిచే ఆసుపత్రులకు చేరుతున్నారని ఆమె గమనించింది. ఆ భవనాల్లో చాలావాటికి కరెంటు లేదు. మొదటి వాహనానికి యూనియన్ దే ఫామ్ ద ఫ్రాన్స్ అనే మహిళా సేవాసంఘం డబ్బిచ్చింది. తర్వాత సంపన్న కుటుంబాల తలుపులు తట్టి, యుద్ధం తర్వాత తిరిగిస్తామని చెప్పి ఆమె కార్లు అడిగి తెచ్చుకుంది. సైన్యం నుంచి అనుమతి సంపాదించడం కార్లు సంపాదించినంత తేలిగ్గా జరగలేదు.

1914 నవంబరు 1న తొలి వాహనం పారిస్‌కు ఉత్తరాన ఉన్న క్రేయ్ పట్టణంలోని సైనిక ఆసుపత్రికి బయల్దేరింది. అందులో మేరీతోపాటు ఆమె పెద్ద కూతురు ఐరీన్ కూడా ఉంది. ఐరీన్‌కు అప్పటికి పదిహేడేళ్లు.

పనితీరు

కారులోని డైనమో 110 వోల్టుల దగ్గర 15 ఆంపియర్ల కరెంటు ఇచ్చేది. లెక్క కడితే ఒకటిన్నర కిలోవాట్ల పైచిలుకు. ఈ రోజుల్లో ఇంట్లో గీజరు వాడేది కూడా దాదాపు అంతే. ఆ కాస్త శక్తితోనే ఎముకల ఫొటో తీయాలి. కానీ ఎక్స్‌రే ట్యూబుకు 110 వోల్టులు ఏ మూలకూ చాలవు, వేల వోల్టులు కావాలి. ఆ పనికి ఇండక్షన్ కాయిల్ ఉండేది. దాని మొదటి చుట్టలో పారే కరెంటును సెకనుకు ఎన్నోసార్లు తెంపి కలుపుతుంటే, వేల చుట్లున్న రెండో చుట్టలో భారీ వోల్టేజి పుడుతుంది.

వాహనం ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగగానే యంత్రం, ట్యూబు, స్టాండు లోపలికి మోసుకెళ్లేవారు. కిటికీలకు నల్లటి తెరలు కట్టి గదిని చీకటి చేసేవారు. కారు నుంచి గదిలోకి కేబుల్ లాగేవారు. బయట ఇంజను ఆడుతూనే ఉండాలి. అది ఆగితే లోపల తెర మీద బొమ్మ మాయమవుతుంది. మెరిసే తెర మీద చూస్తూ సర్జన్ అక్కడికక్కడే ఆపరేషన్ చేసిన సందర్భాలూ ఉన్నాయి.

ఒక్క ఫొటోతో తూటా ఉన్న దిక్కు తెలుస్తుంది గానీ లోతు తెలియదు. అందుకని ట్యూబును కొలిచిన దూరం పక్కకు జరిపి రెండోసారి తీసేవారు. నీడ ఎంత జరిగిందో చూస్తే, స్కూల్లో నేర్చుకున్న సరూప త్రిభుజాల లెక్కతో లోతు తేలిపోతుంది. బెల్జియంలోని హూగ్‌స్టాడ్ ఆసుపత్రిలో ఎక్స్‌రే పని ఐరీన్ ఒంటరిగా చూసుకునేది. అక్కడ ఒక సైనిక సర్జన్ ఈ లెక్కను నమ్మక, తూటా దూరిన రంధ్రం నుంచే వెతుకుతూ పోయాడట. చివరికి ఆమె చూపించిన పక్క నుంచి వెళ్తే గానీ అది దొరకలేదు.

మనుషులు, మోటార్లు

ఇలాంటి వాహనాలను 18 నుంచి 20 దాకా మేరీ సిద్ధం చేయించింది. వాటితోపాటు సుమారు 200 స్థిరమైన ఎక్స్‌రే గదులను కూడా నెలకొల్పింది. వీటన్నిటిలో పది లక్షల మందికి పైగా సైనికులకు పరీక్షలు జరిగాయని అంచనా. సైన్యానికి వేరే ఎక్స్‌రే బళ్లూ ఉండేవి కాబట్టి ఇదంతా ఆమె ఒక్కరి ఘనతే అనడం సరికాదు. అయితే యంత్రాలకన్నా నడిపేవాళ్ల కొరత ఎక్కువని గుర్తించడంలో మాత్రం ఆమె ముందుంది. 1916లో ఆమె పెట్టిన శిక్షణ తరగతుల్లో 150 మంది దాకా స్త్రీలు విద్యుత్తు, శరీర నిర్మాణం, ఫొటోగ్రఫీ నేర్చుకుని ఎక్స్‌రే ఆపరేటర్లయ్యారు. ఆమె కూడా అదే ఏడాది డ్రైవింగ్ లైసెన్సు తీసుకుంది. టైరు మార్చడం, కార్బురేటరు శుభ్రం చేయడం దాకా నేర్చుకుంది. 1915లో ఒకసారి డ్రైవరు మలుపు తప్పడంతో కారు గుంతలో బోల్తాపడి, సామాను పెట్టెలన్నీ ఆమె మీద పడ్డాయి. అప్పుడామె బెంగంతా ఫొటో ప్లేట్లు పగిలాయేమోననే.

కిరణాల నుంచి రక్షణ అంతంతమాత్రం. చేతికి గ్లవుజులు, నాసిరకం అడ్డుతెరలు, అంతే. మేరీ 1934లో అప్లాస్టిక్ అనీమియాతో మరణించింది. 1995లో ఆమె అవశేషాలను పారిస్‌లోని పాంథియాన్ స్మారక భవనానికి తరలించేటప్పుడు ఫ్రెంచ్ నిపుణులు కొలతలు తీశారు. రేడియం తక్కువగానే కనిపించడంతో, ఆ జబ్బుకు యుద్ధకాలపు ఎక్స్‌రేలే కారణమై ఉండవచ్చని వారు అభిప్రాయపడ్డారు. తన అనుభవాలను మేరీ 1921లో ‘రేడియాలజీ, యుద్ధం’ అనే అర్థమొచ్చే శీర్షికతో పుస్తకంగా ప్రచురించింది.

తరువాతి పరిణామాలు

కారులో డైనమోకు ఒక పెద్ద లోపం ఉండేది: ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు చాలినంత కరెంటు ఇవ్వదు. రోగి పక్కన నిలబడి పనిచేయాల్సిన అంబులెన్సుకు ఇది ఇబ్బందే. సిలికాన్ డయోడ్లు వచ్చాక ఆల్టర్నేటర్లు ఆ లోటు తీర్చాయి. 1960లో క్రైస్లర్ కంపెనీ వాలియంట్ కారులో ఆల్టర్నేటరునే ప్రామాణికం చేసింది. 1965లో బెల్‌ఫాస్ట్ వైద్యుడు ఫ్రాంక్ పాంట్రిడ్జ్ రెండు కారు బ్యాటరీలతో నడిచే డీఫిబ్రిలేటరు చేయించి, ఆగిపోతున్న గుండెకు అంబులెన్సులోనే షాకిచ్చే పద్ధతి మొదలుపెట్టాడు. దాని బరువు దాదాపు 70 కిలోలు. మూడేళ్లకే అది మూడు కిలోల పైచిలుకుకు దిగింది. 2008లో జర్మనీలోని హోంబుర్గ్‌లో క్లౌస్ ఫాస్‌బెండర్ బృందం అంబులెన్సులో సీటీ స్కానరు అమర్చి, పక్షవాతం వచ్చిన రోగి మెదడును ఆసుపత్రికి చేరకముందే పరీక్షించడం ప్రారంభించింది.