ఉస్మాన్ పేరు, నద్దాఫ్ చెయ్యి

ఫర్నిచర్ దుకాణాల్లో ఒట్టోమన్ అని ఒక పీట అమ్ముతారు. వీపు ఆనించుకోవడానికి ఏమీ ఉండదు, చేతులు పెట్టుకోవడానికీ ఉండదు. పైన మెత్త, లోపల ఖాళీ. మూత తీసి దుప్పట్లు, గలీబులు దాచుకోవచ్చు. కాళ్లు చాపుకునే ఈ పెట్టె, ఆరు శతాబ్దాలు సల్తనత్ నడిపిన ఖాన్‌దాన్ పేరు మోస్తోంది.

ఆ ఖాన్‌దాన్‌కు మూలపురుషుడు ఉస్మాన్. ఆయన హుకూమత్ 1299 ప్రాంతంలో మొదలైందని తారీఖ్ చెబుతుంది. అరబీ ‘ఉథ్మాన్’ తుర్కుల నోట ఉస్మాన్ అయింది, ఇటలీ వాళ్ల నోట ఒట్టోమనో అయింది. తుర్కుల ఇళ్లలో గోడ పొడుగునా ఎత్తు తక్కువ అరుగు, దాని మీద పరుపులు, తకియాలు ఉండేవి. 18వ శతాబ్దంలో ఫ్రాన్సు షరీఫ్ కుటుంబాలకు ఆ ఆరామ్ నచ్చింది. గోడ దగ్గరి ఆసనాన్ని విడదీసి గది మధ్యకు తెచ్చుకున్నారు, పేరు మాత్రం తుర్కులదే ఉంచారు. అమెరికా నాయకుడు థామస్ జెఫర్సన్ 1789 నాటి ఖర్చుల లెక్కలో ఒట్టోమన్ కొన్న పద్దు ఉంది.

మిగతా మాటలూ మన వైపు నుంచి వెళ్లినవే. ఇస్తాంబుల్‌లోని తోప్‌కపి మహల్లో వజీర్లు కొలువుదీరే సభ దీవాన్. వాళ్లు కూర్చునే పరుపుల ఆసనమూ దీవానే. అదే మాట తెలుగులో దివాణం అయింది, ఇవాళ దివాన్ కాట్ రూపంలో మళ్లీ ఇంటికొచ్చింది. సోఫా మాట ‘సుఫ్ఫా’ నుంచి వచ్చింది. మదీనాలో మస్జిదె నబవి పక్కన ఇల్లూ వాకిలీ లేని సహాబాలు తలదాచుకుని ఇల్మ్ నేర్చుకున్న చోటు పేరు సుఫ్ఫా. హజ్రత్ అబూ హురైరా (రజి) ఆ అస్‌హాబె సుఫ్ఫాలో ఒకరు.

ఉస్మానీ ఖాన్‌దాన్‌తో మన హైదరాబాద్‌కు రిష్తా కూడా కలిసింది. 1924 మార్చిలో ఖిలాఫత్ రద్దయి, ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ ఫ్రాన్సు చేరారు. ఆయన కూతురు దుర్రెషెవార్‌కు, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కొడుకు ఆజమ్ జాకు 1931 నవంబర్ 12న నీస్ నగరంలో నికాహ్ జరిగింది. అదే రోజు రెండో కొడుకు మొఅజ్జమ్ జాను చేసుకున్న నీలోఫర్ పేరు మీదే నీలోఫర్ హాస్పిటల్ ఉంది. ఈ సంగతి మన ఇళ్లలో ఫఖ్ర్‌గా చెప్పుకుంటాం.

ఇప్పుడు పేరు పక్కన పెట్టి పీటను చూడండి. ఇంట్లో చేసుకోవాలంటే గట్టి చెక్క పెట్టె కావాలి. మూతకు పలక బదులు చట్రం కట్టి, నవారును అడ్డంగా నిలువుగా అల్లి బిగించి లాగాలి. దాని మీద గోనెపట్టా, ఆపైన దూది. కూర్చుంటే అణుగుతుంది కాబట్టి మధ్యలో ఎక్కువ మందం ఇవ్వాలి. దూదిని ముతక గుడ్డతో బిగించాక పై గిలాఫ్ వేయాలి. మేకులు ముందు నాలుగు వైపులా మధ్యలో ఒక్కొక్కటి కొట్టి, అక్కణ్ణుంచి మూలల వైపు పోవాలి. మూలల్లో మొదలుపెడితే గుడ్డ వంకర పోతుంది. అన్నీ కుదిరినా దూది ఏకకపోతే మెహనత్ వృథా. నాలుగు రోజుల్లో గడ్డలు కట్టి గుచ్చుకుంటుంది.

దూది ఏకడం పెద్ద హునర్. వింటి నారిని దూదిలో ఉంచి కొయ్యతో కొడితే ఆ అదురుకి పోగులు విడిపోతాయి, దుమ్ము రాలుతుంది, దూది పొంగుతుంది. ఈ పనివాణ్ణి అరబీలో నద్దాఫ్ అంటారు, హల్లాజ్ అని కూడా అంటారు. 922లో బాగ్దాద్‌లో ఉరికంబం ఎక్కిన మన్సూర్ హల్లాజ్ పేరులో ఉన్నది ఈ పేషాయే. ఉత్తరాది ధునియాలు ఆయన పేరున మన్సూరీలమని చెప్పుకుంటారు. మన దగ్గర ప్రభుత్వ బీసీ-బి జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని రాసి ఉన్నది వీళ్లే. ఆ లద్దాఫ్‌లో నద్దాఫ్ వినిపించడం లేదూ?

ఉస్మాన్ పేరు చెప్పి ఛాతీ విరిచే మనం నద్దాఫ్ పేరు దగ్గర నోరు మెదపం. ‘తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా’ అనే సామెత విని నవ్వేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారని, ఉర్దూ రాదని వాళ్ల దీన్‌నే షక్ చేసేవాళ్లున్నారు. మస్జిద్ సఫ్‌లో భుజం కలిపి నిలబడతాం, రిష్తా మాట వస్తే ఖాన్‌దాన్ అడుగుతాం. సుఫ్ఫా మీద కూర్చున్నవాళ్లను ఖాన్‌దాన్ అడిగి కూర్చోబెట్టలేదు.

ఫోమ్ వచ్చాక దూదేకే విల్లు దాదాపు మూలపడింది. ఆ ఇళ్ల పిల్లలు వేరే పనుల్లోకి పోతున్నారు. ఈసారి మీ ఇంటికి దూదేకుల ఇంటి నుంచి పైగామ్ వస్తే అబ్బాయి అఖ్లాక్ అడగండి, చదువు అడగండి, సంపాదన అడగండి. తాత ఏం పని చేసేవాడో మాత్రం అడగకండి. ఒకవేళ వాళ్లే చెబితే, ‘మీ తాతగారు ఏకిన పరుపుల మీదే మేం పెరిగాం’ అని చెప్పండి.