ఉప్పునేల మీదుగా ఆటల వ్యాఖ్యానము

నౌపడ అనగానే ఉప్పుమళ్ళు జ్ఞాపకము వస్తాయి. ఆ ఉప్పుకూ, రేడియోలో వినే క్రికెట్ వ్యాఖ్యానానికీ సంబంధము కలదు.

రేడియోలో ఆటలను వర్ణించుట 1921లో అమెరికాలోని పిట్స్‌బర్గులో, ఒక ముష్టియుద్ధముతో మొదలైనది. 1934లో బొంబాయి క్రికెట్ పోటీని తల్యార్‌ఖాన్ వర్ణించారు. కేవలము ఆటలకే అంకితమైన కేంద్రము 1987లో న్యూయార్కులో వెలసినది. మనకు ఆ పని చేసిపెట్టినది ఆకాశవాణియే. విజయవాడ కేంద్రము 1948లోను, విశాఖపట్నము కేంద్రము 1963లోను ఏర్పడినవి. క్రికెట్ టెస్టుల హిందీ, ఇంగ్లీషు వ్యాఖ్యానాలను ఆకాశవాణి మీడియం వేవ్ కేంద్రాలు అందించేవి.

విశాఖ కేంద్రానికి కేటాయించిన పౌనఃపున్యము 927 కిలోహెర్ట్జ్‌లు. సెకనుకు 3,00,000 కిలోమీటర్ల కాంతివేగాన్ని దీనితో భాగించి చూడండి. తరంగదైర్ఘ్యము సుమారు 324 మీటర్లు వచ్చును. ఇంత పొడవైన తరంగము నేలను అంటి, దాని వంపు వెంబడి సాగుతుంది. పొడినేల దాని శక్తిని త్వరగా హరిస్తుంది. ఉప్పునీటిలోని అయానులు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేస్తాయి గనుక, అక్కడ నష్టము స్వల్పము. విశాఖ నుండి నౌపడ వరకు సముద్రతీరమే గదా!

ఎఫ్.ఎం. తరంగము సుమారు 3 మీటర్లే. ధ్వని స్వచ్ఛము, కాని దిఙ్మండలము దాటి ఎంతో దూరము పోదు. అనేక దేశాలు మీడియం వేవ్ ప్రసారాలను నిలిపివేశాయి. అట్లు నిలిపినప్పుడు ముందుగా ఆట వినబడకుండా పోయేది దూరపు పల్లెకే.