భాండారమునుండి మేఘమువరకు

మేఘమనగానే రాయలసీమవారికి ముందుగా జ్ఞప్తికి వచ్చునది వాన. అది కురియునో, కురియక కదలిపోవునో తెలియదు గనుక మబ్బును చూచినపుడు మనకు ఆశయు, అనుమానమును ఒక్కసారిగానే కలుగును. ఈ కాలమున మన యిండ్లలోనికి మరియొక మేఘము ప్రవేశించినది. దానిని ఇంగ్లీషు మాటతోనే 'క్లౌడ్' అని పిలుచుచున్నారు. సెల్‌ఫోనుతో తీసిన పెండ్లి ఛాయాచిత్రములు, పిల్లవాని మార్కుల జాబితా, అంగడి లెక్కలు, దూరదేశమున నున్న కుమారుడు వ్రాసిన ఉత్తరములు, ఇవి యన్నియు ఆ మేఘములోనే భద్రముగా నున్నవని మనకు చెప్పుచున్నారు. ఆ మేఘమెక్కడిది? దానిని ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నలు కొత్తవిగా కనిపించును గాని, వీని వెనుకనున్న విషయము మాత్రము పాతదే. మన తిరుపతి చరిత్రయందే దానికి చక్కని ఉదాహరణములు కలవు.

ముందు పేరు సంగతి చూతము. ఈ మేఘము ఆకాశమున లేదు. నేలమీద, విశాలమైన భవనములలో, వరుసలుగా పేర్చిన వేలకొలది కంప్యూటర్లలో నున్నది. ఆ భవనములను డేటా సెంటర్లు అందురు. వానికి రాత్రింబగళ్ళు విద్యుత్తు కావలెను, యంత్రములు వేడెక్కకుండ చల్లదనము కావలెను, కాపలా కావలెను. ఇంజనీర్లు తమ పటములలో ఇంటర్నెట్టును చూపవలసినపుడు, దానిలోని చిక్కులన్నియు గీయుట అనవసరమని, ఒక మబ్బు ఆకారమును గీసి విడిచెడివారు. ఆ బొమ్మయే క్రమముగా పేరైనది. పెండ్లి చేయు గృహస్థుడు గుండిగలను, షామియానాను, కుర్చీలను కొనడు. రెండు దినములకు అద్దెకు తెచ్చుకొనును. అట్లే యంత్రమును కొనక దాని పనిని అద్దెకు తీసికొనుట, మన వస్తువును మన యింట దాచక ఇతరుల భాండారమున నుంచి వలసినపుడు తెప్పించుకొనుట, ఇదియే క్లౌడ్ కంప్యూటింగ్ యొక్క సారము.

ఇతరుల భాండారమున దాచుట యనునది తిరుమల ఆలయపు గోడలమీద చెక్కియున్న చరిత్ర. దేవస్థానమువారు 1931 మొదలుకొని సంపుటములుగా ప్రకటించిన తిరుమల తిరుపతి శాసనములు వేయికి పైగా కలవు. వానిలో ఎక్కువభాగము తమిళమున నున్నవి. తెలుగు, కన్నడ, సంస్కృత శాసనములును కలవు. విజయనగరరాజుల కాలమున రాజులు, మంత్రులు, ఆచార్యులు, వర్తకులు శ్రీభాండారమునకు ధనమును సమర్పించెడివారు. ఆ ధనము పెట్టెలో ఊరక యుండెడిది కాదు. ఆలయమునకు చెందిన గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించుటకు దానిని వినియోగించెడివారు. నీటి వసతివలన పెరిగిన పంటనుండి స్వామికి నిత్యనైవేద్యము జరిగెడిది. ఆ ప్రసాదములో నాలుగవవంతు దాతకు చెందెడిది. ధనము దాత చేతిలో లేదు. అది ఎక్కడ ఏ కాలువగా ప్రవహించుచున్నదో అతడు నిత్యము చూచుచుండలేదు. ఫలము మాత్రము అతనికి అందుచుండెను.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. దాత సొమ్మిచ్చి నమస్కరించి వెళ్ళిపోలేదు. ఎంత ధనము సమర్పించెను, ఏ పనికి వినియోగింపవలెను, ఏయే దినములలో ఎంత బియ్యము, ఎంత నెయ్యి వాడవలెను, ప్రసాదము ఎవరెవరికి పంచవలెను, దాత తదనంతరము అతని భాగము ఎవరికి చెందవలెను, ఇవి యన్నియు రాతిమీద చెక్కబడినవి. ఆలయాధికారులైన స్థానత్తారుల ఆజ్ఞచొప్పున ఆలయపు లెక్కలవ్రాయసగాడు దానికి సంతకము చేసెడివాడు. ఒడంబడిక గోడమీద నుండెను గనుక చదువనేర్చిన ఎవడైనను దానిని చూడగలిగెను. నేటి మేఘసంస్థలును షరతులను చూపించియే మనచేత 'అంగీకరించితిని' అని నొక్కించుచున్నవి. కాని అవి పుటలకు పుటలు సాగును, చదువువారు అరుదు. పైగా ఆ షరతులను మార్చు హక్కు సంస్థయే తన చేతిలో నుంచుకొనును. రాతిమీది అక్షరమునకు అట్టి మార్పు అంత సులభము గాదు.

రాయి కూడ శాశ్వతము గాదని మన పూర్వులు ఎరుగుదురు. తిరుమల ఆలయమును యాదవరాయల కాలమున పునరుద్ధరించినపుడు, పాతగోడలమీది శాసనములను కొత్తగోడలమీద తిరిగి చెక్కించిరి. పల్లవరాణి సామవై చేసిన దానములను తెలుపు శాసనములు మనకు దక్కినది ఈ జాగ్రత్త వలననే. గోడ మారినపుడు వ్రాతకు ప్రతి తీయవలెననెడి ఈ బుద్ధి నేటి కంప్యూటరు శాస్త్రమునకును ప్రాణమువంటిది.

రెండవ ఉదాహరణము ఇంతకంటె ప్రసిద్ధమైనది. 1503లో పరమపదించిన తాళ్ళపాక అన్నమాచార్యులు ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించెనని ప్రతీతి. తాటాకులు చెదలకును తేమకును నిలువవని, కుమారుడు పెద తిరుమలాచార్యులు వానిని రాగిరేకులమీద చెక్కించెను. వానికొఱకు తిరుమల ఆలయమునందే సంకీర్తన భాండారమను రాతిగది ఏర్పడెను. సాహిత్యమును ఇంటిలో గాక, యాత్రికులందరు వచ్చు చోట, సంస్థ సంరక్షణలో నుంచుట ఆ కాలమునకు గొప్ప ఆలోచన.

కాని తరువాత జరిగినదేమి? రేకులు భద్రముగానే యుండెను. అవి అక్కడ నున్నవను స్మృతి క్షీణించెను. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన ఏ. డి. కాంబెల్ దొర, తిరుపతి లోహఫలకములలో ప్రాచీన వ్యాకరణము కలదేమోనని వేలకొలది రేకులను పరీక్ష చేయించెను. వానిలో అధికభాగము దేవుని స్తోత్రములే యని తేలగా ఆయన ఆసక్తి అంతటితో నిలిచెను. తాను వెదకినది వ్యాకరణము. ఎదుట నున్నది ఒక మహావాఙ్మయము. మరి నూరేండ్లకు, 1922 ప్రాంతమున, దేవస్థానపు శాసనపరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి దృష్టి వానిపై ప్రసరించెను. పిమ్మట వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పండితుల పరిష్కరణముతో ఆ పాటలు జనులలోనికి వచ్చెను. నేడు దక్కినవి సుమారు పదునాలుగువేలు; సగముకంటె తక్కువ. దాచుట ఒకటి, దాచినది ఎక్కడున్నదో తరువాతివారికి తెలియుట మరియొకటి అని ఈ కథ చెప్పుచున్నది.

ఇక నవీన మేఘము పుట్టుక. 1961లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ మెకార్తీ, టెలిఫోనువలె కంప్యూటరును ఒకనాడు ప్రజలందరికి అందు వ్యవస్థ కాగలదని ప్రసంగించెను. అప్పటి కంప్యూటరు ఒక గదినిండ నుండెడిది. దానిని పలువురు వంతులవారీగా పంచుకొనెడివారు. తరువాత యంత్రములు చిన్నవై ఇంటింటికి చేరినవి. 2004లో జీమెయిల్, ఇతరులు కొద్ది మెగాబైట్లు మాత్రమే ఇచ్చుచుండగా, ఒక్కొక్కరికి ఒక గిగాబైటు స్థలము ఉచితముగా నిచ్చి ఆశ్చర్యపరచెను. 2006లో అమెజాన్ సంస్థ తన యంత్రములలో స్థలమును, గణనశక్తిని ఇతర సంస్థలకు అద్దెకిచ్చుట ఆరంభించెను. భారత ప్రభుత్వము తన కార్యాలయములకు 'మేఘరాజ్' అను వ్యవస్థను ఏర్పరచెను. 2015 జూలై 1న పౌరుల ధ్రువపత్రములకు డిజిలాకర్‌ను ప్రారంభించెను. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున అయిదేండ్లలో 1500 కోట్ల డాలర్ల వ్యయముతో డేటా సెంటరు కేంద్రమును నెలకొల్పుదుమని ప్రకటించెను. మేఘము మన తీరమునకే దిగివచ్చుచున్నది.

దీనివలన సామాన్య గృహస్థునకు కలుగు లాభములు కాదనరానివి. సెల్‌ఫోను బస్సులో పోయినను అందలి చిత్రములు పోవు; కొత్త ఫోనులో పాస్‌వర్డు చెప్పగానే తిరిగి కనిపించును. మదనపల్లెలోని తల్లి, అమెరికాలోని కుమార్తె ఒకే చిత్రమును ఒకే సమయమున చూడగలరు. చిన్న వర్తకుడు పెద్ద యంత్రమును కొననక్కరలేదు; వాడుకొన్నంతకే చెల్లించును. రద్దీ వచ్చినపుడు బలమును పెంచుకొని, తగ్గినపుడు తగ్గించుకొనుట ఈ పద్ధతికి గల విశేషము. 2021 సెప్టెంబరులో తిరుమల సర్వదర్శనపు టోకెన్లను ఇంటర్నెట్టు ద్వారా విడుదల చేయగా, గంట గడువకముందే అవి ముగిసిపోయెను. అట్టి గంట సంవత్సరమంతయు నుండదు. ఆ గంటకొఱకే యంత్రములు కొనుట ఎట్లనగా, బ్రహ్మోత్సవపు జనమును చూచి ప్రతి గృహస్థుడును నూరుమందికి సరిపడు వంటశాల కట్టుకొనుట వంటిది.

నష్టములును అంతే నిజములు. మొదటిది, దారి. భాండారమెంత నిండుగా నున్నను ఇంటర్నెట్టు లేనిచో తలుపు తెరచుకొనదు. కొండపల్లెలలో గాలివాన వచ్చిన రాత్రి ఈ సంగతి అందరికి తెలియును. రెండవది, షరతుల మార్పు. గూగుల్ ఫోటోస్ 2015లో చిత్రములకు మితిలేని ఉచితస్థలము నిచ్చెను. 2021 జూన్ 1తో ఆ ఉచితము ముగిసెను. అప్పటికి అలవాటు పడిన కుటుంబములకు అద్దె కట్టుటయో, చిత్రములను ఏరివేయుటయో తప్పలేదు. మూడవది, సంస్థయే మూతపడుట. మన యువకులు ఎందరో వాడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడెను. నాలుగవది, ప్రమాదము. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజోన్ నగరమున ప్రభుత్వ డేటా సెంటరులో బ్యాటరీలకు నిప్పంటుకొనెను. ఉద్యోగులు తమ కార్యాలయపత్రములను దాచుకొనిన 858 టెరాబైట్ల భాండారము కాలిపోయెను. అది మిక్కిలి పెద్దదని దానికి వేరుచోట ప్రతి యుంచలేదు. యాదవరాయల కాలపు శిల్పులు ఎరిగిన జాగ్రత్త అక్కడ లోపించినది.

అయిదవది, గోప్యత. మన ఉత్తరములు పరుల యింట నున్నపుడు వానిని ఎవరు చూచుచున్నారను సందేహము సహజము. దీనికై 2023లో మన పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము చేసినది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడినవి. చట్టము కావలెను గాని, పాస్‌వర్డును పొరుగువానికి చెప్పినవానిని చట్టము కాపాడజాలదు.

కావున గృహస్థుడు చేయవలసినది మేఘమును విడిచిపెట్టుట గాదు, దానితో ఒడంబడిక ఎరిగి మెలగుట. ముఖ్యమైన పత్రములు, చిత్రములు మేఘములో ఒక ప్రతి, ఇంటిలోని వేరొక పరికరములో ఒక ప్రతి యుంచవలెను. పాస్‌వర్డుతోపాటు ఫోనుకు వచ్చు సంకేతసంఖ్యను కూడ అడుగు రెండంచెల తాళమును పెట్టుకొనవలెను. రెండేండ్లు వాడని ఖాతాలను తొలగింతుమని గూగుల్ 2023లో ప్రకటించినది గనుక, పాతఖాతాలను అప్పుడప్పుడు తెరచి చూడవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఏది ఎక్కడున్నదో ఇంటిలో మరియొకరికి తెలియవలెను. తన తరువాత ఖాతా ఎవరికి చెందవలెనో ముందుగా నమోదు చేయు వసతిని కొన్ని సంస్థలు కల్పించినవి. తన ప్రసాదభాగమునకు వారసుని రాతిమీద చెక్కించిన దాత ఈ విషయమున మనకు గురువు. అట్టి ఏర్పాటు లేనిచో, తండ్రి దాచిన చిత్రములు ఎంత భద్రముగా నున్నను, బిడ్డలకు అవి కాంబెల్ దొర చూచి విడిచిన రాగిరేకులే యగును.

మబ్బును చూచి ముంతలో నీరు ఒలకబోసికొనరాదని మన పెద్దలు సామెత చెప్పిరి. వారు మబ్బును చూడవద్దనలేదు. వానకొఱకు చెరువు కట్టిరి, కాలువ త్రవ్విరి, ముంతను కూడ నిండుగా నుంచుకొనిరి.